కంప్యూటరు మరమ్మతుకు వాయిదా తగదు



కంప్యూటరు తెరపై కొత్త మరమ్మతు సిద్ధముగా నున్నదని సూచన కనబడగానే “తరువాత” అని నొక్కుట మన ఇండ్లలోను, కొన్ని సేవాకేంద్రములలోను అలవాటైపోయినది. మరమ్మతు చేసినచో యంత్రము మందగించునని వారి వాదము. ఇందులో కొంత నిజము లేకపోలేదు. అయినను అది వాయిదాకు తగిన కారణము కాదని నా మనవి.

2018 జనవరి 3వ తేదీన మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అను రెండు లోపములు వెల్లడియైనవి. గూగుల్ పరిశోధకులు, ఆస్ట్రియాలోని గ్రాజ్ సాంకేతిక విశ్వవిద్యాలయము వారు, మరికొందరు వీనిని వేర్వేరుగా కనుగొనిరి. ఇవి ఏదో ఒక ప్రోగ్రాములోని తప్పులు కావు. ప్రాసెసరు పనిచేయు తీరులోనే ఉన్నవి.

ఆఫీసులలో పనిచేసినవారికి మెల్ట్‌డౌన్ సంగతి సులభముగా బోధపడును. రికార్డు గదిలో చురుకైన బంట్రోతు ఉన్నాడనుకొనుడు. ఒకడు వచ్చి రహస్యపు ఫైలు అడిగి, అందులో వ్రాసియున్న నంబరుగల రిజిస్టరును కూడ తెమ్మనును. అధికారి అనుమతి రాకముందే, కాలము కలిసివచ్చునని బంట్రోతు ఫైలు తెరచి, నంబరు చూచి, ఆ రిజిస్టరును బల్లపై పెట్టుకొనును. అంతలో అనుమతి లేదని కబురు వచ్చును. ఫైలు తిరిగి బీరువాలోనికి పోవును. వచ్చినవానికి ఏమియు ఈయరు. కాని రిజిస్టరు బల్లమీదనే ఉండిపోవును. ఆపైన వాడు రిజిస్టర్లను ఒక్కొక్కటిగా అడుగును. ఏది ఆలస్యము లేకుండ చేతికి వచ్చునో, దాని నంబరే రహస్యపు ఫైలులోని నంబరు! ప్రాసెసరులోనుండి సంకేతపదములు బయటపడుటయు నిట్లే.

దీనికి విరుగుడుగా ఆపరేటింగ్ సిస్టమునకు మూలమైన కెర్నెల్‌ను సవరించిరి. పూర్వము కెర్నెల్ గది ప్రతి ప్రోగ్రాము ప్రక్కనే తాళము వేసి ఉండెడిది. ఇప్పుడు ప్రోగ్రాము నడుచునంతసేపు ఆ గది దాదాపు కనబడనే కనబడదు. అదే నెల 28న వెలువడిన లినక్స్ 4.15లో ఈ ఏర్పాటు కలదు. మైక్రోసాఫ్ట్ వారును విండోస్‌కు మరమ్మతు నిచ్చిరి. అటునిటు రాకపోకల శ్రమ పెరిగినందున, కెర్నెల్‌తో పదేపదే అవసరపడు పనులు కొంత మందగించినవి.

తొందరలో ఇచ్చిన మరమ్మతులతో చిక్కులు వచ్చిన మాటయు నిజమే. విండోస్ మరమ్మతువలన కొన్ని పాత ఎ.ఎం.డి. యంత్రములు తెరచుకొనలేదు. ఇంటెల్ వారు జనవరి 22న తమ మైక్రోకోడ్ పంపిణీని ఆపుమని కోరవలసివచ్చినది. కాని పిదప వానిని సరిచేసిరి. ఈ జాతి లోపములు అంతటితో ఆగలేదు. 2023లో ఇంటెల్ ప్రాసెసర్లలో డౌన్‌ఫాల్ అనునది బయటపడినది. కనుక ఒకమారు మరమ్మతు చేసి ఊరకుండుటయు చాలదు.

తనిఖీకి ముందే పని కానిచ్చి సంపాదించిన వేగము మనది కాదు. దానిలో కొంత వదలుకొనుటకు వెనుదీయనేల? నాబోటి పింఛనుదారుల ఆధార్ నంబర్లు, బ్యాంకు ఖాతాలు ఎక్కించు మా పట్టణపు కేంద్రమొకదానిలో, అడిగినపుడు “పని పెండింగు పడును, తరువాత చూతము” అనిరి. పని ఒక గంట నిలిచిన మరునాడు చేసికొనవచ్చును. బయటికి పోయిన వివరములను వెనుకకు తేజాలము.

విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. పొడిగింపు పథకములో చేరని యంత్రములపై ప్రజల వివరములు ఎక్కించుట తగదు. ప్రతి సేవాకేంద్రమువారు చివరి మరమ్మతు తేదీని గోడమీద బోర్డుపై వ్రాసియుంచవలెనని నా సూచన. అందుకు ఖర్చు ఒక సుద్దముక్క మాత్రమే.

మన కుటుంబములలో పెద్దలు తెలుగు చదువుదురు, పిల్లలు ఒడియా, ఇంగ్లీషు చదువుదురు. తెరపై ఇంగ్లీషు సూచన కనబడినపుడు పిల్లలు దానిని పెద్దలకు తెలుగులో చెప్పి, దగ్గరుండి మరమ్మతు చేయింతురుగాక. అధికారులును ఈ విషయమును గమనింపగోరెదను.

భవదీయుడు,
ఒక విశ్రాంత గుమాస్తా,
బరంపురం (ఒడిశా)