నాలుగు ముక్కల భాషతో

మా అక్క కూతురు వచ్చే నెల మెక్సికో వెళ్తోంది. అల్లుడికి గ్వాదలహారాలో ఉద్యోగం. మొన్న ఫోన్ చేసి, "పిన్నీ, సెల్లులో స్పానిష్ నేర్చుకుంటున్నా. ఎంత, కావాలి, వద్దు... ఈ నాలుగు ముక్కలూ వస్తే బండి నడుస్తుంది కదా?" అంది.

"కూరగాయల దాకా నడుస్తుందే తల్లీ" అన్నాను. పదకొండేళ్లుగా సీలేరులో నేను నడుపుతున్న బండి అదేగా!

మాది జెన్‌కో కాలనీ. ఏరు దాటితే ఒడిశా, మల్కన్‌గిరి జిల్లా. ఇవతల కొండల్లో కూడా అందరి ఇంటిభాషా తెలుగు కాదు. భగతలది తెలుగే. కోందులది కువి. సంతలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి చాలామందికి ఆదివాసీ ఒడియా. నేను బి.ఏ. తెలుగు చదివానన్న గొప్ప, అల్లం బుట్ట ముందు కూర్చున్న మొదటి రోజే దిగిపోయింది. "కేతే" అంటే ఎంత, "పాణి" అంటే నీళ్లు. మిగతాదంతా వేళ్లు చూపించడం, తలూపడం, నవ్వడం. బేరానికి అది చాలా ఎక్కువ కూడా.

ఒక వానాకాలం, అడ్డాకులు తెచ్చే ఆమె గుమ్మంలో కూర్చుని "పిలా... జర" అంటోంది. హైదరాబాదులో పెరిగిన చెవి కదా నాది, జర అంటే "కొంచెం" అనుకున్నాను. ఇంకొంచెం ఇమ్మంటోందని, నేనే పది రూపాయలు తగ్గించి ఇచ్చాను. ఆమె ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయింది. పక్క క్వార్టర్‌లో పనిచేసే అమ్మాయి అంతా విని, "పిల్లకి జ్వరమంటండీ" అంది. జర అంటే జ్వరం! మన జ్వరమే. తెలుగు చదివినదాన్ని, ఆ మాత్రం పట్టుకోలేకపోయాను. రోడ్డు మీదికి పరుగెత్తాను గానీ ఆమె కనిపించలేదు. మూడు వారాల తర్వాత పిల్లను వెంటబెట్టుకునే వచ్చింది. పిల్ల తేరుకుంది, చిక్కిపోయింది. మలేరియా అట. ఆ పది రూపాయలు ఇవ్వబోతే ఎందుకో ఆమెకు అర్థం కాలేదు. చెప్పడానికి నా దగ్గర మాటల్లేవు.

మా కాలనీలో అందరం తేలిగ్గా అనేస్తాం, "వాళ్లకి తెలుగు రాదండీ" అని. 1960లలో కరెంటు కోసం ఈ కొండల్లోకి వచ్చింది మనం. మెక్సికోలో మా పిల్లని పట్టుకుని "ఈమెకు స్పానిష్ రాదు" అంటారు, అది న్యాయమే. మరి ఇక్కడ భాష రానిది ఎవరికి? ఆసుపత్రిలో, బ్యాంకులో, బడిలో తడబడేది మాత్రం వాళ్లే. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో కువి, కొండ, ఆదివాసీ ఒడియా వంటి ఎనిమిది గిరిజన భాషల్లో, తెలుగు లిపిలోనే, చిన్న తరగతులకు పాఠాలు మొదలుపెట్టారు. పిల్లల కోసం ఆ మాత్రం ఆలోచన జరిగింది. మన పెద్దవాళ్లమే ఒక్క పేజీ నేర్చుకోలేదు.

అందుకే మా పిల్లకి చెప్పాను, బేరం మాటలు తర్వాత, ముందు నొప్పి మాటలు నేర్చుకోమని. దానికి అత్తగారి ఊళ్లో లాగా అక్కడ పక్కింటి పెద్దమ్మ ఉండదు కదా, అర్ధరాత్రి చెప్పుకోవడానికి. ఒక తమాషా తెలుసా? తలనొప్పిని స్పానిష్‌లో "మే దుయేలే లా కబేసా" అంటారట. అంటే "నాకు నొప్పెడుతోంది తల". అచ్చం మనలాగే, "నాకు"తో మొదలు! ఇంగ్లీషు మీదుగా వెళ్లకుండా నేరుగా తెలుగులోంచి దూకవే అన్నాను. నువ్వు, మీరు తేడా కూడా వాళ్లకుంది, తూ, ఉస్తేద్ అని. పెద్దవాళ్లని ఉస్తేద్ అనమన్నాను.

రోజూ రాత్రి అది నాకు కడుపునొప్పి, కళ్లు తిరగడం, జ్వరం స్పానిష్‌లో వాయిస్ మెసేజ్ పెడుతోంది. నేను పక్క క్వార్టర్ అమ్మాయిని కూర్చోబెట్టుకుని అవే మాటలు ఆదివాసీ ఒడియాలో పాత చాకలిపద్దు పుస్తకం వెనక రాసుకుంటున్నాను. ఇప్పటికి పంతొమ్మిది అయ్యాయి. నేను పలికితే ఆ అమ్మాయి ఇంకా నవ్వుతూనే ఉంది.