శ్రీమతి ఎఫా మాన్లీ అడిగినది న్యాయమే

బేసుబాలు మన దేశమున ఆడువారరుదు. క్రికెట్టువలెనే అదియు బంతి, బ్యాటు గల యాటయే. క్రికెట్టుపై మనకెంత మక్కువయో, అమెరికావారికి దానిపై నంత మక్కువ. ఆ యాటలో జట్ల యజమానులు సాధారణముగా ధనికులైన పురుషులు. వారి నడుమ నిలిచిన యొక స్త్రీని గూర్చియు, ఆమె పడిన యొక తగవును గూర్చియు నా యభిప్రాయమును చదువరుల కెఱిగింప దలచితిని. ఆ తగవులో పలువు రామెను నిందించిరి. న్యాయ మామె పక్షముననే యున్నదని నా తలంపు.

ఎఫా మాన్లీ ఫిలడెల్ఫియా నగరమున జన్మించెను. న్యూయార్కులోని హార్లెము పేటలో కొన్ని యంగళ్లు నల్లజాతివారి సొమ్ము పుచ్చుకొనుచు, వారికి గుమాస్తా యుద్యోగము లియ్యకుండెను. 1934లో అట్టి యంగళ్లలో సరకు కొనరాదని సాగిన యుద్యమమున ఆమె ముందు నిలిచినది. మరుసటి యేడు ఆమె భర్త ఏబ్ మాన్లీ బ్రూక్లిన్ ఈగిల్స్ అను జట్టును స్థాపించెను. 1936లో అది న్యూజెర్సీ రాష్ట్రమందలి నెవార్కు పట్టణమునకు మారి నెవార్కు ఈగిల్స్ అయ్యెను.

ఆ దినములలో పెద్ద లీగులలో నల్లవారికి ప్రవేశము లేదు. అందుచే వారు తమ లీగులను తామే కట్టుకొనిరి. ఏబ్ మాన్లీ ఆటగాండ్రను వెదకి తెచ్చుచుండగా, జీతములు, ప్రయాణములు, ఒడంబడికలు, ప్రకటనలు అన్నియు శ్రీమతి మాన్లీయే చూచుకొనుచుండెను. నల్లవారిని మూకలు పట్టి చంపు దురాచారమును మాన్పుటకై 1939లో ఆమె తమ మైదానమున నొక యాటదినమునే కేటాయించెను. 1946లో ఈగిల్స్ జట్టు కాన్సస్ సిటీ మోనార్క్సు జట్టును ఏడు పందెముల పోరులో గెలిచి, నల్లవారి లీగులన్నిటిలో అగ్రస్థాన మందెను. లారీ డోబీ, మాంటీ ఇర్విన్, లియాన్ డే మున్నగువా రా జట్టువారే.

ఇక తగవు సంగతి. బ్రూక్లిన్ డాడ్జర్సు అధ్యక్షుడును భాగస్వామియు నగు బ్రాంచి రికీ 1945లో మోనార్క్సు జట్టునుండి జాకీ రాబిన్సనును తీసికొనెను. పిమ్మట ఈగిల్స్ జట్టునుండి డాన్ న్యూకోంబును తీసికొనెను. మూసిన తలుపును తెరచిన ఘనత రికీదే. దానిని తక్కువ చేయరాదు. కాని యీ యిద్దరికిని వారి పూర్వపు జట్లకు ఆయన యొక్క డాలరైన నియ్యలేదు. నల్లవారి లీగులు నిజమైన లీగులు కావనియు, అవి మోసపు వ్యాపారములనియు ఆయన వాదము. ఆదివారమున ఆట చూడబోనని నియమము పట్టిన భక్తిపరు డీ విషయమున పొరుగువాని సొత్తును గూర్చి యింత తేలికగా నెట్లు తలచెనో నాకు బోధపడదు.

ఏబ్ మాన్లీ ధనము కొంత అంకెల జూదమువలన వచ్చినదన్న మాట నిజమే. దానిని సమర్థింపను. అయినను, దుకాణదారుని పెట్టుబడి యెట్టిదైనను అతని సరకును వెల యియ్యక కొనిపోవుట తగునా? పైగా ఆ పడుచువాండ్రను ఏండ్ల తరబడి పోషించి, నేర్పించి, వెలుగులోనికి దెచ్చిన శ్రమ ఆ జట్టుది.

మనుష్యునికి వెల కట్టుట బానిససంత కాదా యని కొంద రనవచ్చును. ఈ మాట కొట్టివేయదగినది కాదు. కాని తెల్లవారి జట్లు ఒకదానినుండి మఱియొకటి ఆటగానిని తీసికొనునపుడు సొమ్ము చెల్లించుట అప్పటికే యాచారము. ఆ యాచారము నల్లవారి జట్టు వద్దకు వచ్చునప్పటికే యేల మాయమయ్యెను? శ్రీమతి మాన్లీ అడిగినది తమ యొడంబడికకును ఇతరుల యొడంబడికకు గల గౌరవమునే. నల్లజాతి వారిలోనే కొందరు, ఆటగాండ్ర యభ్యున్నతికి అడ్డుపడుచున్నదని యామెను దూరిరి. ఆమె యడ్డుపడలేదనుటకు డోబీయే సాక్షి.

1947 జూలైలో క్లీవ్లాండు జట్టు యజమాని బిల్ వీక్ డోబీకై యామెను అడిగెను. పదివేల డాలర్లు, డోబీ ఆ జట్టున నిలిచినచో మఱి యైదువేలు ఇచ్చుటకు సమ్మతించెను. తెల్లవాడైనచో నింతకు నెన్నియో రెట్లు ముట్టియుండునని యామెకు తెలియును. అయినను డోబీని పంపెను. 1949లో మాంటీ ఇర్వినును రికీ ఉచితముగా గొనబోగా, ఆమె గట్టిగా నెదిరించెను. రికీ వెనుదీసెను. న్యూయార్కు జయంట్సువా రైదువేల డాలర్లిచ్చి ఇర్వినును తీసికొనిరి.

అప్పటికే ఈగిల్స్ జట్టు ఆమె చేతిలో లేదు. జనమంతయు రాబిన్సనును చూడబోవుచుండగా, 1946 నుండి 1948 వఱకు నెవార్కు మైదానమున ప్రేక్షకులు సగమునకు మించి తగ్గిరి. 1948 ఆటకాలము ముగియగానే జట్టును అమ్మిరి. నీగ్రో నేషనల్ లీగును ఆ యేటనే ముగిసెను. గోడ కూలుట మేలే. కాని గోడ కావల జనులు కట్టుకొన్న యిల్లు కూడ దానితో కూలినది. రికీ మొదటనే న్యాయమైన వెల యిచ్చియుండినచో ఆ యిల్లు నిలిచియుండునని చెప్పజాలను. ఇంటివారు వట్టి చేతులతో వీధిని పడకుండెడివారని మాత్రము చెప్పగలను.

శ్రీమతి మాన్లీ 1981లో మరణించెను. ముదిమియందును, తన లీగుల యాటగాండ్రకు కూపర్స్‌టౌనులోని కీర్తిమందిరమున స్థానమిండని యుత్తరములు వ్రాయుట మానలేదు. 2006లో ఆ మందిరము ఆమెనే చేర్చుకొన్నది. అందు స్థానమందిన మొదటి స్త్రీ యామెయే. 2020 డిసెంబరులో ఆ పాత లీగులను పెద్ద లీగులుగా అధికారముతో నంగీకరించిరి. ఆమె కార్యాలయపు కాగితములు, ఒడంబడికలు, ఉత్తరములు నేడు నెవార్కు పౌరగ్రంథాలయమున భద్రముగా నున్నవి.