గుండ్రాయి జాతకం

మొన్న మా మేనల్లుడి గృహప్రవేశానికి శ్రీ సిటీ వెళ్ళాను. 2008లో ఆరంభమైన ఆ పారిశ్రామిక నగరంలో వాడికి ఉద్యోగం. వరదయ్యపాళెం దారిలో చిన్న ఇల్లు కట్టుకున్నాడు. భోజనాలయ్యాక పెద్దలందరూ చాపలమీద ఒరిగారు. నాకు పగటినిద్ర అలవాటు లేదు కనుక వీధిలోకి వచ్చి నిలబడ్డాను.

పక్క స్థలం పల్లంగా ఉంది. దాన్ని మెరక చెయ్యటానికి ఒక టిప్పరు లారీ ఎర్రమట్టి తెచ్చి గుమ్మరిస్తున్నది. ఆ మట్టిలోంచి ఒక రాయి దొర్లుకుంటూ వచ్చి నా చెప్పు దగ్గర ఆగింది. కొబ్బరిచిప్పంత ఉంటుంది. లేత గులాబి రంగు. చేత్తో నిమిరితే నున్నగా ఉంది. చూడగానే ఏటిరాయి అని తెలుస్తూనే ఉంది.

"ఈ మట్టి ఏ ఏట్లోది నాయనా?" అన్నాను డ్రైవరుతో.

"ఏరెక్కడుండాది సామీ! సత్యవేడు పక్క గుట్టలో తవ్వింది. ఏంది, రాయిని అట్లా చూస్తా ఉండావు? బంగారమేమన్నా ఉండాదా?"

"బంగారం లేదు గాని, జాతకం ఉంది" అన్నాను.

అతను ఇంజను ఆపి అరుగుమీద కూర్చున్నాడు. "అయితే చెప్పు సామీ, వినిపోతా."

అతనికి చెప్పిందే పాఠకులకూ మనవి చేస్తున్నాను.

తిరుపతి నుంచి కొండకు పోయే ఘాట్ రోడ్డులో ఒకచోట భారత భూగర్భ సర్వే వారు పలక పెట్టి, ఆ స్థలాన్ని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా ప్రకటించారు. గోవింద నామం చెప్పుకుంటూ బస్సులో పోయేవాళ్ళలో దాన్ని చూచేవాళ్ళు తక్కువ. అక్కడ అడుగున ఉన్నది నల్లరాయి కలిసిన గ్రానైటు. అది రెండువందల కోట్ల ఏళ్ళకు పైబడినది. ఒకప్పుడు భూమి లోతుల్లో కరిగిన పాకంగా ఉండేది. పైన మైళ్ళ మందాన కప్పు ఉండటం వల్ల చాలా నిదానంగా చల్లారింది. బెల్లం పాకమైనా, పటిక పంచదార పాకమైనా నిదానంగా చల్లారితేనే కదా పలుకులు పెద్దవిగా కడతాయి! గ్రానైటులో కంటికి కనిపించే పలుకులు అట్లా వచ్చినవే. అదే పాకం పైకి పొంగి గాలికి చల్లారితే పలుకు కట్టే తీరిక ఉండదు. రాజమండ్రి దగ్గర కాటేరు నల్లరాళ్ళు ఆ జాతివి.

లోపల పుట్టిన గ్రానైటు బయటికెట్లా వచ్చింది? పైనున్న కప్పంతా ఎండకూ వానకూ అరిగి కొట్టుకుపోయింది. తరువాత గ్రానైటు కూడా అరిగింది. అందులో మెత్తని భాగం మట్టి అయింది. గట్టి పలుకులు ఇసుకై నీటి అంచున చేరాయి. ఇసుకమీద ఇసుక పేరుకున్నది. సందుల్లో సిలికా దిగి, ఇసుక రేణువులను ఒకదానికొకటి అతికించింది. ఎంత గట్టిగా అంటే, ఆ రాయిని పగలగొడితే చీలిక రేణువు పక్కనుంచి పోదు. రేణువును చీల్చుకునే పోతుంది. అదే క్వార్ట్‌జైటు. ముక్కులాగా కనిపించే నగరి కొండా, తిరుమల శిలాతోరణమూ ఆ రాయే. వయస్సు సుమారు నూటఅరవై కోట్ల ఏళ్ళు.

ఘాట్ రోడ్డులో అడుగున గ్రానైటూ, దానిమీద పొరలు పొరలుగా క్వార్ట్‌జైటూ ఉంటాయి. రెండూ కలిసే గీతమీద అరచెయ్యి పెడితే, ఆ చెయ్యికింద కనీసం 50 కోట్ల ఏళ్ళు లేకుండా పోయాయి. పుస్తకంలో చిరిగిన పుటల్లాగా! 1788లో స్కాట్లండు సముద్రతీరాన జేమ్స్ హట్టన్ ఇటువంటి గీతనే చూచి, భూమి వయస్సు మనుషులు లెక్కపెట్టే పద్దులో ఇమడదని గ్రహించాడు.

"మరి ఈ రాయి?" అన్నాడు డ్రైవరు.

అక్కడికే వస్తున్నాను. ఆ పాత కొండలూ అరిగాయి. మన దేశపు భూభాగం అంటార్కిటికా నుంచి విడిపోతూ తూర్పుతీరం ఏర్పడుతున్న కాలంలో, అంటే పది పద్నాలుగు కోట్ల ఏళ్ళ కిందట, ఏళ్ళు ఆ కొండరాళ్ళను దొర్లించి, కోణాలు అరగదీసి, ఈ ప్రాంతాన పోశాయి. ఇసుకతో, ఇనుము చేరిన ఎర్రబంకతో అవి ముద్దకట్టాయి. శాస్త్రజ్ఞులు వాటిని సత్యవేడు పొరలంటారు. ఏరు పోయింది, ఏటిరాళ్ళు గుట్టయి మిగిలాయి.

తరువాత మనిషి వచ్చాడు. 1863లో రాబర్ట్ బ్రూస్ ఫుట్, విలియం కింగ్ అనే భూగర్భ సర్వే ఉద్యోగులు ఈ దక్షిణాన కొర్తలయార్ లోయలో, అత్తిరంపాక్కం దగ్గర, చెక్కిన రాతిగొడ్డళ్ళను కనుగొన్నారు. అవన్నీ క్వార్ట్‌జైటువే. వాటిలో పాతవి సుమారు 15 లక్షల ఏళ్ళనాటివని 2011లో తేల్చారు. అంటే మన పూర్వులు ఇటువంటి గుండ్రాయినే ఏరుకుని, తిప్పి చూచుకుని, చెక్కి, కూడు సంపాదించుకున్నారన్నమాట.

డ్రైవరు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "దినానికి ఎనిమిది లోడ్లు తోలతా సామీ. దాంట్లో ఆ గొడ్డళ్ళు గూడా పోయుంటాయా?" అన్నాడు.

"పోయి ఉండవచ్చు."

"ఆ గుట్ట మళ్ళీ పుడతాదా?"

పుడుతుంది. రాయి అరిగి ఇసుకవుతుంది, ఇసుక రాయవుతుంది, లోతుకు దిగితే కరిగి పాకమవుతుంది. కాని అందుకు పట్టే కాలానికి మనమూ ఉండము, మన మనుమల మనుమలూ ఉండరు. ఆ మాటే చెప్పాను.

"అట్లయితే నన్ను మానేయమంటావా? నా కూడు గూడా ఇదే గదా!"

నా దగ్గర సమాధానం లేదు. నేను పొద్దున పాయసం తాగిన ఇల్లు కూడా అదే మట్టిమీద లేచింది. నేను చెప్పగలిగింది ఒక్కటే: తవ్వేముందు ఒకసారి చూచేవాళ్ళుండాలి. గుట్టకొక మనిషి, కాస్త తెలిసినవాడు, ఒక్క పూట తిరిగినా చాలు. ఘాట్ రోడ్డులో గీతకు పలక పెట్టినవాళ్ళం, ఈ గుట్టల్లో ఒక్కదానికైనా పెట్టలేమా?

"ఆ రాయి నాకిస్తావా సామీ? మా పాప ఆరో క్లాసు. దానికి చెప్తా" అన్నాడతను లేస్తూ.

ఇచ్చాను. లారీ కదిలింది. తొట్టి ఖాళీ. ముందు అద్దం దగ్గర, దేవుడి పటం పక్కన, గులాబిరంగు గుండ్రాయి. దాని జాతకంలో ఇంకొక ప్రయాణం మొదలైంది.