పిడకల వేట

ఎవరైన అప్రస్తుతము పలికినచో ‘రామాయణములో పిడకల వేట’ యని మనవారు పరిహసింతురు. పాపము, పిడక అంత చులకనయైనది. కాని రామాయణము చదువు ఇంటనైనను పొయ్యి రాజనిదే పూట గడవదు. ఆ పొయ్యిలో బూడిదయగునది పిడక మాత్రమే కాదు, చేని యాహారము కూడ.

పశువు మేసిన గడ్డిలోని సారము పెంటయై తిరిగి పొలము చేరవలెను. పేడను పిడకగా కాల్చినచో అందలి నత్రజని పొగతో పోవును. భాస్వరము, పొటాషు బూడిదలో మిగులును. పోయిన ఆ నత్రజనినే రైతు యూరియా బస్తాగా వెలయిచ్చి కొని తెచ్చుకొనుచున్నాడు. ఇంతకంటె వింత బేరము కలదా?

పొయ్యికిని పొలమునకును సంధి కుదుర్చునది గోబర్ గ్యాసు. గాలి చొరని తొట్టిలో పేడయు నీరును సమపాళ్లలో పోసినచో సూక్ష్మజీవులు దానిని పులియబెట్టును. వెలువడు వాయువులో సగమునకు మించి మీథేను. అది పొగలేని నీలిమంటతో మండును. నత్రజని చాలవరకు అడుగు మడ్డిలోనే నిలుచును. ఇది నేటి విద్య కాదు. 1939 ప్రాంతమున ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధనాలయమున ఎస్. వి. దేశాయి ప్రయోగములు చేసెను. 1951లో జష్‌భాయి పటేల్ తేలెడి మూతగల ‘గ్రామలక్ష్మి’ని రూపొందించెను. తరువాత ఖాదీ గ్రామోద్యోగ కమిషను అట్టి తొట్లను పల్లెలకు గొనిపోయెను. 1981-82లో కేంద్రప్రభుత్వము జాతీయ పథకమునే ప్రారంభించెను.

అయినను పెక్కు పల్లెలలో ఆ మూతలు తుప్పుపట్టినవి. వంటగ్యాసు సిలిండరు వచ్చుటయే కారణమని కొందరందురు. అది సగము నిజము. తొట్టిని పొయ్యిగా మాత్రమే చూచుట అసలు లోపము. రెండు ఘనమీటర్ల తొట్టికి దినమునకు 50 కిలోల పేడ, అనగా నాలుగైదు పశువులు, కావలెను. వచ్చు గ్యాసు నెలకు రెండు సిలిండర్లకు కొంచెము తక్కువ. దీనికొఱకు నిత్యము పేడ కలుపు చాకిరి యేల యని ఇల్లాలు విసుగుకొన్నచో తప్పు ఆమెది కాదు. మడ్డి వెల కూడ లెక్కకు వచ్చిననేగదా తక్కెడ మొగ్గును!

తుర్కయంజాల్ వంటి చోట చిక్కు వేరు. నాగార్జునసాగర్ రహదారి వెంబడి, మాసబ్ చెరువు చుట్టుపట్ల, చేలు ప్లాట్లైనవి. నగరమునకు పాలు మాత్రము కావలెను. కొట్టమున్నచోట పొలము లేదు. పొలమున్నచోట ట్రాక్టరే కాని పశువు లేదు. దిక్కులేని పేడ వానకు కొట్టుకొని పోయి చెరువున బడినచో, చేనికి బలమగు నత్రజనియే అచట నాచును పెంచును. పేడకుప్పను జూచి ముక్కు మూసికొను గృహస్థుడే సంక్రాంతినాడు గొబ్బెమ్మకై పిడికెడు పేడ వెదకును!

కొట్టమునకొక తొట్టి ఇచట పనికిరాదు. పది కొట్టములకొక ఉమ్మడి తొట్టి కావలెను. బోయినపల్లి మార్కెట్టులో తార్నాకలోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ పద్ధతిని కుళ్లిన కూరగాయలనుండి గ్యాసును, దానినుండి విద్యుత్తును తీసిరి. 2021 జనవరిలో ప్రధానమంత్రి రేడియోలో దానిని కొనియాడెను. కూరగాయలకు కుదిరినది పేడకు కుదరకపోదు. మడ్డిని మోయుటయే కష్టము, అందు నీరే హెచ్చు గనుక. ఎండలో ఆరబెట్టినచో నత్రజని గాలిపాలగును. నీడపట్టున ఎండుటాకులు, చొప్ప కలిపి మాగనిచ్చినచో బండికెత్త వచ్చును. పట్నమున కూరగాయలు దించి పల్లెకు మరలు బండ్లలో చోటునకు కొదువ లేదు.