చుట్టం మాట, ఎదురు మాట

వాడలోకి ఇంగ్లీషు కాగితం వచ్చిందంటే మనోళ్ల గుండె జారుతుంది. అది పట్టుకుని ఇంకొకడి గడప తొక్కాలి. వాడు తనకు నచ్చినంతే చదివి చెప్తాడు. మన బతుకేమో ఆ కాగితంలో ఉంటది, దాని అర్థం ఇంకొకడి నోట్లో ఉంటది. మా ఇళ్లల్లో డిగ్రీ చదివిన మొదటి తరం మాది. ఇంగ్లీషు మాటల్ని బట్టీ కొట్టి పాసయ్యాం గానీ, వాటి పవరేంటో కేసుల వెంట తిరిగినప్పుడే తెలిసింది.

1989 అట్రాసిటీ చట్టంలో 3(1)(ఆర్) సెక్షన్ చూడండి. అందులో ఇన్సల్ట్, ఇంటిమిడేట్, హ్యుమిలియేట్ అని మూడు మాటలున్నాయి. చాలామంది మూడింటికీ 'తిట్టడం' అనే చెప్తారు. కాదు. ఇన్సల్ట్ అంటే అవమానించడం. ఇంటిమిడేట్ అంటే బెదిరించి భయపెట్టడం. హ్యుమిలియేట్ అంటే మనిషిని తక్కువ చేసి తల దించుకునేలా చేయడం. మూడూ చుట్టాలే, కానీ మూడూ ఒకటి కాదు.

అదే సెక్షన్లో 'పబ్లిక్ వ్యూ' అని ఉంది, 'పబ్లిక్ ప్లేస్' అని లేదు. సొంత ఇంటి ఆవరణలో తిట్టినా, అది బయటివాళ్లకు కనిపిస్తే పబ్లిక్ వ్యూ కిందికే వస్తుందని 2008లో సుప్రీంకోర్టు చెప్పింది. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు జరిగితే రాదని 2020లో చెప్పింది. ఎక్కడ తిట్టారో, ఎవరు చూశారో ఫిర్యాదులో రాయకపోతే కేసు నీరుగారిపోతది.

అందుకే పిల్లల నోటుబుక్కులో నాలుగు గళ్లు గీయించండి. మాట, మన మాటల్లో దాని అర్థం, చుట్టం మాట, ఎదురు మాట. కింద మన వాడ బతుకు నుంచి ఒక వాక్యం. చుట్టం మాట రాస్తే తేడా కూడా రాయాలి. ఎదురు మాట దగ్గరా జాగ్రత్త. బెయిలబుల్‌కు ఎదురు నాన్‌బెయిలబుల్. అంటే బెయిలే రాదని కాదు, హక్కుగా రాదని, ఇవ్వాలా వద్దా కోర్టు తేలుస్తుందని. కన్విక్ట్‌కు ఎదురు అక్విట్. అక్కడ మాటే మారిపోతుంది. రోజుకు 5 మాటలైతే ఏడాదికి 1,800 దాటుతాయి.

'మీకెందుకయ్యా ఇంగ్లీషు, తల్లిభాష చాలదా' అనే పెద్దమనుషుల పిల్లలు ఏ బడికి పోతున్నారో ఒకసారి చూడండి. మనం తెలుగును వదలడం లేదు. తెలుగులోనే అర్థం రాసుకుని ఇంగ్లీషును పట్టుకుంటున్నాం.

చివరిగా ఒక మాట. రాజ్యాంగం 17వ అధికరణం 'అన్‌టచబిలిటీ'ని రద్దు చేసింది. కానీ ఆ మాటకు నిర్వచనం రాజ్యాంగంలో లేదు, 1955 చట్టంలోనూ లేదు. దానికి అర్థం చెప్పగలిగేది అనుభవించిన మనమే. దాని ఎదురు మాట పీఠికలోనే ఉంది: డిగ్నిటీ. మనిషిగా గౌరవం. అన్నలారా, అక్కలారా, మన పిల్లల నోటుబుక్కులో మొదటి మాట అదే కావాలి.

జై భీమ్!