ఆయన డిటెక్టివ్ నవల చదవడం మానేశారా?

ఈ వారం తెనాలి నుంచి ఒక సోదరి రాసిన వుత్తరానికి వివరంగా జవాబు చెప్పవలసి వుంది. ముందు ఆ వుత్తరం చదవండి.

"డాక్టరుగారికి నమస్కారాలు. మావారి వయస్సు 66. ఉద్యోగం చేసి రిటైరయ్యారు. షుగరు తప్ప వేరే జబ్బు లేదు. పదేళ్ళుగా దానికి మాత్రలు వేసుకుంటున్నారు. ఆయనకు చిన్నప్పటి నుంచీ డిటెక్టివ్ నవలల పిచ్చి. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఆయన ట్రంకు పెట్టె తెరిస్తే బట్టల కంటే నవలలే ఎక్కువ వున్నాయి. భోజనం దగ్గరా అదే, పడక మీదా అదే. రాత్రి పన్నెండయినా లైటు ఆర్పేవారు కాదు. పొద్దస్తమానం హత్యలూ, శవాలూ చదివితే బుద్ధి పాడవుతుందని నలభై ఏళ్ళు పోట్లాడాను. ఇప్పుడు మూడు నెలలుగా తనంత తానే పుస్తకం ముట్టుకోవడం మానేశారు. మొదట నేను సంతోషించాను. కాని ఇప్పుడు పేపరు కూడా చదవడం లేదు. వరండాలో కుర్చీ వేసుకుని వూరికే కూర్చుంటారు. తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తోంది. కూరలో ఉప్పు తక్కువైనా అడగరు. మొన్న మా అబ్బాయి కొత్త నవల తెచ్చి ఇస్తే పది పేజీలు తిప్పి, 'ఎవరు ఎవరో అర్థం కావడం లేదురా' అని పక్కన పెట్టేశారు. అన్నేళ్ళు ఆ హత్యల పుస్తకాలు చదివినందువల్లే మెదడు ఇలా అయిందా? ఆ పుస్తకాలన్నీ అమ్మేయమంటారా?"

అమ్మా, పుస్తకాలు అమ్మకండి. మీవారి మెదడును ఆ పుస్తకాలు పాడు చేయలేదు. మీరు భయపడవలసింది ఆయన నలభై ఏళ్ళు చదివినందుకు కాదు, ఈ మూడు నెలల్లో చదవడం మానేసినందుకు. అంత ఇష్టమైన అలవాటు ఎవరూ బలవంతపెట్టకుండానే జారిపోయిందంటే దాని వెనుక ఏదో కారణం వుంటుంది. ఆ కారణాన్ని కనిపెట్టి చికిత్స చేయించాలి. మీరు సరైన సమయంలోనే రాశారు.

హత్యల కథలు మనిషిని చెడగొడతాయా?

ముందు మీ సందేహం తీరుస్తాను. డిటెక్టివ్ నవలకూ, వైద్యానికీ దగ్గరి చుట్టరికం వుంది. షెర్లాక్ హోమ్స్‌ను సృష్టించిన కోనన్ డాయిల్ స్వయంగా డాక్టరు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో తనకు పాఠం చెప్పిన జోసెఫ్ బెల్ అనే డాక్టరుగారు రోగి నడకనూ, చేతులనూ, బట్టలనూ చూసి అతని వృత్తినీ, జబ్బునూ పోల్చి చెప్పేవారట. ఆయనను చూసే డాయిల్ హోమ్స్‌కు రూపం ఇచ్చాడు. హోమ్స్ మొదటి కథ 1887లో వచ్చింది. అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆస్పత్రిలో మందులు కలిపి ఇచ్చే పని చేసింది. విషాల గురించి ఆమెకు వున్న పరిజ్ఞానం అక్కడిదే.

ఆమె నవల ఒకటి ఒక పసిబిడ్డ ప్రాణం కాపాడింది కూడా. 1977లో ఖతార్ దేశం నుంచి 19 నెలల పాపను లండన్ ఆస్పత్రికి తీసుకువచ్చారు. జబ్బేమిటో పెద్ద డాక్టర్లకు అంతు పట్టలేదు. ఆ వార్డులో పనిచేసే నర్సు ఆ రోజుల్లో క్రిస్టీ నవల చదువుతున్నది. ఆ నవలలో విషం తిన్నవారి లక్షణాలూ, ఈ బిడ్డ లక్షణాలూ ఒకేలా వున్నాయని ఆమె డాక్టర్లతో చెప్పింది. పరీక్ష చేయిస్తే శరీరంలో థాలియం అనే విషం బయటపడింది. చికిత్స చేశారు, బిడ్డ కోలుకున్నది. ఆ నవల పేరు మాత్రం చెప్పను. చెబితే చదవబోయేవారికి గుట్టు తెలిసిపోతుంది.

మన తెలుగులో కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు ఎన్ని ఇళ్ళలో ఎరుగనిది! అద్దె పుస్తకాల షాపులో రోజుకింతని కట్టి తెచ్చుకుని, క్లాసు పుస్తకం మధ్యలో పెట్టుకుని చదివినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అలా చదివినవాళ్ళెవరూ హంతకులు కాలేదు. గుమాస్తాలూ, మేష్టర్లూ, డాక్టర్లూ అయ్యారు.

ఒకే డిటెక్టివ్ పుస్తకాలే ఎందుకు?

'ఒక్కటి చదివితే చాలదా, అదే డిటెక్టివ్‌వి వరసగా ఎందుకు?' అని ఇల్లాళ్ళు అడుగుతూ వుంటారు. అందులో ఒక సుఖం వుంది. హత్య కొత్తది, డిటెక్టివ్ పాత స్నేహితుడు. అతని మాట తీరూ, అలవాట్లూ మనకు ముందే తెలుసు. అగాథా క్రిస్టీ పోయిరో నవలలు 1920 నుంచి 1975 దాకా 33 వచ్చాయి. ఒక మనిషితో అంతకాలం పరిచయం వుంటే అతను ఇంట్లోవాడిలాగే అవుతాడు. కోనన్ డాయిల్ విసుగెత్తి 1893లో హోమ్స్‌ను చంపేస్తే పాఠకులు వూరుకోలేదు. చివరకు 1903లో బతికించి తీసుకురావలసి వచ్చింది.

ఇంకొక సంగతి. బయట లోకంలో తప్పు చేసినవాడు దొరకవచ్చు, దొరకకపోవచ్చు. ఆ నవలల్లో మాత్రం ఆఖరి పేజీకి చిక్కు విడిపోతుంది. పగలంతా ఆఫీసులో తేలని ఫైళ్ళతో వేగి వచ్చినవారికి అది విశ్రాంతి. అంతేగాని, దానివల్ల ముసలితనంలో మతిమరుపు రాదని నేను హామీ ఇవ్వను. అది మందు కాదు, మంచి కాలక్షేపం.

మానేయడానికి కారణాలు మూడు

ఈ నవల చదవాలంటే మనిషికి మూడు సరిగ్గా వుండాలి. అక్షరం కనిపించే కళ్ళు, ఆసక్తి వున్న మనస్సు, పేర్లు గుర్తుంచుకునే జ్ఞాపకశక్తి. మూడింటిలో ఏది దెబ్బ తిన్నా పుస్తకం మూతపడుతుంది.

మొదటిది కళ్ళు. అరవై దాటినవారికి శుక్లాలు మెల్లగా వస్తాయి. నొప్పి వుండదు. అక్షరాలు పొగలోంచి చూసినట్టు వుంటాయి, ఎదురుగా లైటు పడితే కళ్ళు చెదురుతాయి, అద్దాల నంబరు మాటిమాటికీ మారుతుంది. కొందరు అది చెప్పుకోలేక 'చదవబుద్ధి కావడం లేదు' అంటారు. మీవారికి షుగరు కూడా వుంది గనుక కంటి లోపలి రెటీనా పొర దెబ్బ తినవచ్చు. షుగరు వున్న ప్రతివారూ చూపు బాగానే వున్నా ఏడాదికొకసారి కంట్లో చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోవాలి. శుక్లాలయితే ఆపరేషన్‌తో చాలామందికి చూపు చక్కబడుతుంది.

రెండవది మనస్సు. మీ వుత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఇదే. తెల్లవారకముందే మెలకువ, తిండి మీద ధ్యాస లేకపోవడం, వూరికే కూర్చోవడం, ఇష్టమైన పని మీద ఇష్టం పోవడం. ఇవి రెండు వారాలకు మించి వుంటే డిప్రెషన్ అనే జబ్బేమోనని అనుమానించాలి. దిగులు జబ్బంటే ఏడుస్తూ వుంటారని అందరూ అనుకుంటారు. పెద్ద వయస్సులో చాలామంది ఏడవరు. మాట తగ్గిస్తారు, ఒళ్ళు నొప్పులంటారు, మతిమరుపు వచ్చిందంటారు. మనస్సు కుంగినప్పుడు నవలలో పది పేర్లు వరసగా గుర్తుండవు. ఇది సోమరితనం కాదు, వయస్సు దోషం కాదు, చికిత్సకు లొంగే జబ్బు. మూడు నెలల కిందట ఏమైనా జరిగిందా అని కూడా గుర్తు చేసుకోండి. దగ్గరి స్నేహితుడు పోవడం, డబ్బు చిక్కు, పిల్లలు దూరం వెళ్ళడం, ఏదైనా కొత్త మందు మొదలుపెట్టడం. డాక్టరుకు ఆ సంగతి తప్పక చెప్పాలి.

మూడవది జ్ఞాపకశక్తి. అడిగిందే అడగడం, తెలిసిన వీధిలో దారి తప్పడం, డబ్బు లెక్కలో తరచు పొరబడడం వుంటే మతిమరుపు జబ్బు మొదలయిందేమో చూడాలి. అయితే అన్ని మతిమరుపులూ అది కావు. థైరాయిడ్ లోపం, బి 12 విటమిన్ లోపం, నిద్రమాత్రలు కూడా బుద్ధిని మందగింపజేస్తాయి. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవారిలో బి 12 తగ్గవచ్చు. రక్తపరీక్షలతో ఇవి తెలుస్తాయి, సరిచేయవచ్చు.

ఇప్పుడు మీరు చేయవలసింది

ఈ వారంలోనే ఆయనను ముందు మీ ఫిజీషియన్ దగ్గరకు తీసుకువెళ్ళండి. ఈ వుత్తరంలో రాసినవన్నీ ఆయనకు చెప్పండి. వాడే మాత్రలన్నీ సంచిలో వేసుకుని వెళ్ళండి. షుగరు, థైరాయిడ్, బి 12 పరీక్షలు, తరువాత కంటి పరీక్ష. మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళమంటే సంకోచించకండి. అక్కడికి వెళ్ళినంత మాత్రాన పిచ్చి అని కాదు. డిప్రెషన్‌కు ఇచ్చే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. వారానికే గుణం కనపడలేదని మానకూడదు, గుణం కనపడగానే కూడా మానకూడదు. షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చి వేయకండి.

ఒక మాట సూటిగా అడగాలి. 'బతకాలని లేదనిపిస్తోందా?' అని ఆయనను నెమ్మదిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుట్టుకొస్తుందన్న భయం వద్దు. అడగడం వల్ల మనస్సులోది బయటపడుతుంది, బరువు తగ్గుతుంది. అవునంటే ఆయనను ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరుకు చూపించండి. పురుగుమందులూ, మిగిలిపోయిన మాత్రలూ ఇంట్లో అందుబాటులో వుంచకండి. ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరుకు రాత్రీ పగలూ ఎప్పుడైనా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టనక్కరలేదు.

ఇంకొక జాగ్రత్త. ఇలా నెలల మీద కాక, వున్నట్టుండి ఒక్క రోజులో మాట తడబడినా, చదివేది అర్థం కాకపోయినా, మూతి వంకర పోయినా, ఒక చెయ్యి పడిపోయినా అది పక్షవాతం. వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

చదివేవారికి నాలుగు మాటలు

ఈ నెపంతో మిగిలిన పాఠకులకు కూడా చెబుతున్నాను. డిటెక్టివ్ నవల ఆరోగ్యానికి చేసే చెరుపు ఒక్కటే, నిద్ర చెడగొట్టడం. పెద్దలకు రాత్రి 7 గంటల నిద్రయినా వుండాలి. హైస్కూలు, కాలేజీ పిల్లలకు 8 నుంచి 10 గంటలు కావాలి. అధ్యాయం పూర్తిచేసి పడుకుంటాననుకుంటే ఎన్నటికీ పడుకోలేరు. అధ్యాయం చివరనే రచయిత వల వేసి వుంచుతాడు. అందుచేత అధ్యాయం మధ్యలో ఆపండి. సాయంత్రం తరువాత నవలతో పాటు టీ, కాఫీ వద్దు. పడక మీద ఫోనులో చదవడం కంటే కాగితం పుస్తకం మేలు.

వెల్లకిలా పడుకుని చేతులెత్తి చదవకండి, మెడా భుజాలూ పట్టేస్తాయి. కుర్చీలో కూర్చుని, వెలుతురు భుజం వెనుక నుంచి పడేలా, పుస్తకం కంటికి అడుగున్నర దూరంలో వుంచుకోండి. ఇరవై నిమిషాలకొకసారి తలెత్తి దూరంగా చూడండి. నలభై దాటాక పుస్తకం దూరం జరిపితే గాని కనిపించకపోతే, చదివితే తలనొప్పి వస్తే, అది నవల తప్పు కాదు, చత్వారం. అద్దాలు పెట్టుకుంటే సరిపోతుంది.

పీడకలలు వచ్చేవారూ, ఇంట్లో ఇటీవల దుర్మరణం చూసినవారూ రక్తపాతం వర్ణించే పుస్తకాలు కొంతకాలం మానడం మంచిది. చిన్నపిల్లలకు అవి అసలే వద్దు.

ఇక తెనాలి సోదరికి ఆఖరి మాట. చికిత్స మొదలై ఆయన కాస్త తేరుకున్నాక కొత్త పుస్తకం చేతిలో పెట్టి చదవమని బలవంతం చేయకండి. ఆ ట్రంకు పెట్టెలోంచి ఆయనకు బాగా తెలిసిన పాత నవల ఒకటి తీయండి. షెర్లాక్ హోమ్స్ చిన్న కథలు 56 వున్నాయి, ఒక్కొక్కటి గంటలో అయిపోతుంది, అవీ పనికివస్తాయి. సాయంత్రం పూట రోజుకు నాలుగైదు పేజీలు మీరే ఆయనకు చదివి వినిపించండి. నలభై ఏళ్ళుగా మీరు తిట్టిన పుస్తకాల్లో ఏముందో మీకూ తెలుస్తుంది. మధ్యలో ఆపి, 'హంతకుడు ఎవరండీ?' అని అడగండి. 'ఇప్పుడే చెప్పను, చదువు' అని ఆయన అన్నారంటే నయమవుతున్నారని ధైర్యపడండి. ఆ రోజు నాకు ఒక కార్డు ముక్క రాయండి.