పాత గేమ్ మళ్లీ కావాలంటున్నారు.. పాత కోడ్ ఉందా మరి?

‘పోకిరి’, ‘ఖుషి’ రీరిలీజ్ అయినప్పుడు థియేటర్ల దగ్గర సందడి చూశారు కదా! వీడియో గేమ్స్ అభిమానులు కూడా కంపెనీలను అదే అడుగుతున్నారు.. మా పాత గేమ్ మాకు మళ్లీ ఇవ్వండి అని. కాకపోతే అక్కడ వ్యవహారం ఇంత తేలిగ్గా తెమలదు. సినిమా ఆడాలంటే మంచి ప్రింట్, ప్రొజెక్టర్ ఉంటే చాలు. గేమ్ నడవాలంటే అది పుట్టిన రోజుల నాటి ఆపరేటింగ్ సిస్టమ్, గ్రాఫిక్స్ కార్డు, ఒక్కోసారి కంపెనీ సర్వర్ కూడా కావాలి.

2010కి ముందు అమెరికాలో విడుదలైన గేమ్స్‌లో 87 శాతం ఇప్పుడు కొందామన్నా మార్కెట్లో లేవని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో తేల్చింది. ఆ తర్వాతి గేమ్స్‌కీ గ్యారంటీ లేదు. 2014లో వచ్చిన ‘ది క్రూ’ అనే రేసింగ్ గేమ్ సర్వర్లను యూబీసాఫ్ట్ 2024 మార్చి 31న ఆపేసింది. డబ్బులు పెట్టి కొన్నవాళ్ల దగ్గరున్న డిస్కులు కూడా ఎందుకూ పనికిరాకుండా పోయాయి. దాంతో మొదలైన ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమానికి యూరప్‌లో 2025 జులై నాటికి 10 లక్షలకు పైగా సంతకాలు వచ్చాయి.

అభిమానులు అడిగి సాధించుకున్న కేసుల్లో నాకు బాగా నచ్చేది ‘వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్’. 2013లో బ్లిజార్డ్ కంపెనీ వేడుకలో ఒక అభిమాని లేచి, పాత వెర్షన్ సర్వర్లు మళ్లీ పెడతారా అని అడిగాడు. వేదిక మీదున్న జె. అలెన్ బ్రాక్ ఠక్కున కొట్టిపారేశారు. మీరు కావాలనుకుంటున్నారు గానీ, నిజానికి మీకు అది అక్కర్లేదు అన్నది ఆయన జవాబు సారాంశం. ఫ్యాన్స్ ఊరుకుంటారా? ‘నోస్టాల్రియస్’ పేరుతో సొంతంగా పాత గేమ్ సర్వర్ నడిపారు. లీగల్ నోటీసు దెబ్బకి 2016 ఏప్రిల్‌లో అది మూతపడింది. వెంటనే రెండు లక్షలకు పైగా సంతకాలతో పిటిషన్ వేశారు. చివరికి 2017 నవంబర్‌లో అదే బ్రాక్ స్టేజీ ఎక్కి ‘క్లాసిక్’ వెర్షన్ తెస్తున్నామని ప్రకటించారు. 2019 ఆగస్టులో విడుదలైంది.

ఈ రెండేళ్లలో ఇంజినీర్లు చేసిన పనే అసలు కథ. 2006 నాటి 1.12 వెర్షన్ సోర్స్ కోడ్‌ని మొదట ఉన్నదున్నట్టు రన్ చేసి చూశారు. నడిచింది గానీ క్రాష్‌లు. కొత్త గ్రాఫిక్స్ కార్డులను గుర్తించదు, ఇప్పటి లాగిన్ సిస్టమ్‌తో కుదరదు, ఈనాటి సెక్యూరిటీ లేదు. అందుకని రూటు మార్చారు. పాత కోడ్ పక్కనపెట్టి, పాత డేటాని కొత్త కోడ్ మీద నడిపించారు. మధ్యలో డేటాబేస్ టేబుల్స్ రూపమే మారిపోయింది కాబట్టి పాత డేటాని కొత్త అచ్చులోకి మలచాల్సి వచ్చింది. టెస్టింగ్‌లో ఇంకో తమాషా. ప్లేయర్లు బగ్స్ అని రిపోర్ట్ చేసినవి కొన్ని అసలు బగ్సే కావు, అప్పట్లో గేమ్ అలాగే ఉండేది! టారెన్ జాతి పాత్రలకు దెబ్బ కాస్త దూరం నుంచే తగలడం లాంటివన్న మాట. చివరికి బ్లిజార్డ్ ‘ఇవి బగ్స్ కావు’ అంటూ ఒక జాబితానే పెట్టింది.

బ్లిజార్డ్ దగ్గర పాత డేటా భద్రంగా ఉంది కాబట్టి ఇది సాధ్యపడింది. కొనామీ సంగతి చూడండి. 2012లో ‘సైలెంట్ హిల్’ 2, 3 గేమ్స్‌ని హెచ్‌డీలో తేవాలనుకుంది. తీరా చూస్తే ఫైనల్ కోడ్ లేదు. డెవలపర్ల చేతికి వచ్చింది అసంపూర్తి వెర్షన్. ఎప్పుడో సరిచేసిన బగ్స్‌ని వాళ్లు మళ్లీ మొదటి నుంచి సరిచేయాల్సి వచ్చింది. ఫ్యాన్స్ తిట్టిపోశారు. ‘కుదరదు’ అని కంపెనీలు అన్నప్పుడల్లా అది లాభాల లెక్కేనని అనుకోనక్కర్లేదు. కొన్నిసార్లు నిజంగానే వాళ్ల దగ్గర ఏమీ ఉండదు. అయితే పోగొట్టుకున్నది కూడా వాళ్లే కదా!

మన దేశానికీ ఇందులో ఒక అధ్యాయం ఉంది. 2003 నాటి ‘ప్రిన్స్ ఆఫ్ పర్షియా: ది శాండ్స్ ఆఫ్ టైమ్’ రీమేక్‌ని యూబీసాఫ్ట్ పుణె, ముంబై స్టూడియోలకు ఇచ్చింది. 2020లో ట్రైలర్ రాగానే గ్రాఫిక్స్ బాగోలేవని విమర్శలు. 2022లో ప్రాజెక్టు మాంట్రియల్‌కి వెళ్లిపోయింది. మనవాళ్లకు చేతకాలేదని తేల్చేసినవాళ్లు చాలామంది. ఒరిజినల్ తీసింది ఆ మాంట్రియల్ స్టూడియోనే. అక్కడా అది పూర్తి కాలేదు, 2026 జనవరిలో రద్దయింది.

ప్లేస్‌మెంట్స్‌కి రెడీ అవుతున్న మీకు ఇదంతా ఎందుకంటారా? గేమ్ స్టూడియోలో చేరకపోయినా మీకు ఎదురయ్యేది ఇలాంటి పనే కాబట్టి. బ్యాంకులు, బీమా కంపెనీల పాత సాఫ్ట్‌వేర్‌ని క్లౌడ్‌కి మార్చడమంటే పాత డేటాని కొత్త కోడ్ మీద నడిపించడమే. ఫ్రెషర్లలో చాలామందికి మొదటి ప్రాజెక్టు ఎవరో ఎప్పుడో రాసిన కోడే. రెజ్యూమెలో కొత్త ఫ్రేమ్‌వర్కుల పేర్లు వరసగా పేర్చే బదులు, పాత ఓపెన్ సోర్స్ గేమ్ ఒకటి తీసుకుని ఇప్పటి కంపైలర్‌తో బిల్డ్ చేయండి. ఎక్కడ ఆగింది, ఏం మార్చారు, ఎలా టెస్ట్ చేశారు అన్నది రాసి గిట్‌హబ్‌లో పెట్టండి. అంత టైం లేదంటే సెకండియర్‌లో చేసిన మినీ ప్రాజెక్టుని ఫ్రెండ్ లాప్‌టాప్‌లో రన్ చేసి చూడండి. లైబ్రరీల వెర్షన్లు రాసిపెట్టుకున్నారా? డేటాబేస్ ఫైల్ ఎవరి పెన్‌డ్రైవ్‌లో ఉంది?